రిపేరు మాస్టారి రెండో ప్రశ్న

మంగళవారం ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు మా రిపేరు మాస్టారు రాజమండ్రిలో, తన ఇంట్లో కన్నుమూశారు. వయసు డెబ్బై ఒకటి. గుండెపోటు. ముందురోజు సాయంత్రం ఏడింటి దాకా కొట్లోనే ఉన్నారు. బల్ల మీద ఒక లెన్సు సగం విప్పి ఉంది. దాని స్క్రూలు ఆరూ విప్పిన వరసలోనే స్టీలు పళ్ళెంలో గుండ్రంగా పేర్చి ఉన్నాయి. పక్కన చీటీ మీద పెన్సిల్‌తో "బూజు లేదు, రింగు బిగుసుకుంది" అని రాసి ఉంది.

ఈ వివరాలు ఆయన భార్య నాకు ఫోన్లో చెప్పినవి. ఆవిడ కంఠం నిలకడగానే ఉంది. మధ్యలో ఒక్కసారి ఆగి, "ఆ లెన్సు ఎవరిదో చీటీ మీద లేదండి, మీకేమన్నా తెలుసా?" అని అడిగారు. నాకు తెలియదు.

ఇరవయ్యారేళ్ళుగా విలేకరిగా పనిచేస్తున్నాను. మరణవార్త ఎలా రాయాలో నాకు అలవాటే: ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, వెనక ఎవరున్నారు. నాలుగు వాక్యాలు చాలు. ఈయన విషయంలో నాలుగు వాక్యాలు చాలడం లేదు కాబట్టి ఇది రాస్తున్నాను. మెయిన్ రోడ్డు పక్క సందులో ఆయనకొక చిన్న కొట్టు ఉండేది. బోర్డు లేదు. కెమెరాలు, లెన్సులు బాగుచేసేవారు, పాతవి కొని అమ్మేవారు. గోదావరి జిల్లాల్లో పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళలో ఆయన చేతికి లెన్సు ఇవ్వనివారు తక్కువ. పాఠకుల్లో ఎక్కువమంది ఆయన పేరు విని ఉండరు. విన్నవాళ్ళకి కూడా ఆయన మాస్టారే.

నేను మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్ళింది ఒక లంక ఊరి పని మీద. ధవళేశ్వరం దిగువన, నది మధ్యలో ఉన్న ఊరది. గోదావరి ఏటా ఒడ్డుని కోసుకుపోతోంది. నది వైపు మొదటి వరసలో పదకొండు ఇళ్ళున్నాయి. ఒడ్డుకి రాతికట్టు వేయమని ఊరివాళ్ళు అర్జీలు పెడుతున్నారు. ఆ వార్తకి ఫొటో కావాలి. మా ఆఫీసులో ఫొటోగ్రాఫర్ పోస్టు ఎప్పుడో తీసేశారు. వార్త రాసినవాడే ఫొటో తీసుకోవాలి. నా కెమెరాతో వచ్చిన లెన్సులో ఇల్లు పడితే నది పడదు, నది పడితే ఇల్లు పడదు. వెనక్కి జరుగుదామంటే గోడ. ఫోన్లో వైడ్ పెట్టి తీస్తే అచ్చులో అంచులు అలుక్కుపోయాయి. ఫోన్ని అటు నుంచి ఇటు తిప్పుతూ పనోరమా తీస్తే ఒడ్డు వంకర తిరిగింది. అది చూసిన అర్జీల ఆఫీసు ఉద్యోగి ఒకాయన, "దీన్ని కంప్యూటర్లో మార్చారాండీ?" అన్నాడు.

అందుకని అల్ట్రా వైడ్ లెన్సు కొందామని వెళ్ళాను. నాకు కుదిరేది తక్కువ ధరలో దొరికేదే. మాస్టారు తలెత్తకుండా అడిగారు.

"ఎక్కడ నిలబడతారండి?"

"అంటే?"

"ఫొటో తీసేటప్పుడండి. మీ వెనక ఏముంటుంది?"

"గోడ."

"ముందు?"

"గోదారి."

"వెనక్కి ఎన్నడుగులు వేయొచ్చు?"

"ఒకటిన్నర."

అప్పుడు తలెత్తారు. "అయితే మీకు వైడే కావాలి. వెనక్కి జరగ్గలిగినవాళ్ళకి నేను వైడ్ అమ్మనండి. కాళ్ళు చాలు. కాళ్ళకి బూజు పట్టదు."

తర్వాత గంటన్నర సేపు ఆయన నాకు లెన్సులు అమ్మకుండా చూశారని చెప్పాలి. నేను ముందు చూసింది, ఉన్న లెన్సుకే బిగించుకునే చవక అద్దం. "కళ్ళజోడు మీద కళ్ళజోడండి. రెండూ మసకే" అని పక్కన పెట్టేశారు. రెండోది పదిహేడు మిల్లీమీటర్లది. "ఇది పెద్ద సెన్సారు కెమెరాకి వైడు. మీది చిన్న సెన్సారు. తగిలిస్తే మామూలు లెన్సే. అంకె చూసి కొనకండి, మీ కెమెరాకి తగిలించి చూసి కొనండి." మూడోది ఫిష్ ఐ. బాగా చవక. నేను ఆశపడ్డాను. "ఇందులో ఒడ్డు విల్లులా వంగుతుంది. మళ్ళీ కంప్యూటర్లో మార్చారంటారు." నాలుగోది పన్నెండు మిల్లీమీటర్లది, కొత్తది, ధర ఫరవాలేదు. కానీ ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. "పడవలో ఒక చెయ్యి గుంజకే ఉంటుంది కదండి. రెండో చేత్తో ఏం తిప్పుతారు?"

చివరికి బీరువాలోంచి ఒక వాడిన జూమ్ తీశారు. పది నుంచి పద్దెనిమిది మిల్లీమీటర్లు. బరువు లేదు. వెనక భాగం ప్లాస్టిక్. వెలుతురు తక్కువగా తీసుకుంటుంది కాబట్టి పెళ్ళిళ్ళవాళ్ళు వద్దంటారని, అందుకే ధర తక్కువని చెప్పారు. "గోదారి ఒడ్డున ఎండకేం తక్కువండి? మీకిది చాలు."

అలాగని వెంటనే ఇవ్వలేదు. వెనక నుంచి టార్చి వేసి అద్దాల్లోకి చూపించారు. దుమ్ము రేణువులు కనిపించాయి. నేను మొహం చిట్లించాను. "దుమ్ము ఫొటోలో పడదండి. సాలెగూటి పోగుల్లా కనబడితే అది బూజు, దానికి భయపడండి. మన జిల్లాల తడి గాలికి వాడే లెన్సుకి బూజు రాదు, దాచుకున్నదానికి వస్తుంది." తర్వాత నన్ను గుమ్మంలో నిలబెట్టి, ఎదురు కొట్టు షట్టరుని ఫొటో తీయమన్నారు. మధ్యాహ్నం కాబట్టి షట్టరు దించి ఉంది. షట్టరు మీద అడ్డంగా ఉండే గీతలు అంచుల దగ్గర ఎంత వంగాయో చూశారు. నాలుగు మూలలూ పెద్దవి చేసి చూశారు. కింద ఎడమ మూల కాస్త మెత్తగా ఉందని ఆయనే చెప్పారు. "ఆ మూలలో ముఖ్యమైనది పెట్టకండి, అంతే."

కొనేవాడికి సరుకులోని లోపం ఎక్కడుందో వేలు పెట్టి చూపించిన వ్యాపారి నాకు అంతకు ముందు తగల్లేదు.

మర్నాడే లంకకి వెళ్ళి ఫొటో తీశాను. ఇంటి గోడకి వీపు ఆనించి, నదికి ఎదురుగా నిలబడి, పది మిల్లీమీటర్ల దగ్గర. అరుగు, దాని ముందు వల ఆరేసిన దండెం, జాగా, కోసుకుపోయిన ఒడ్డు, నది, అవతలి గట్టు. అన్నీ పడ్డాయి. జిల్లా పేజీలో నాలుగు కాలాల వెడల్పున వేశారు. ఆ ఫొటో నాకు నచ్చింది. మా ఎడిటరుకీ నచ్చింది.

మూడు వారాల తర్వాత ఆ ఇంటావిడ ఫోన్ చేశారు. సత్యవతి గారు. గోదావరిలో చేపలు పట్టే కుటుంబం. ఆ వరసలో నదికి అందరికంటే దగ్గరున్న ఇల్లు వాళ్ళది.

"ఏవండీ రిపోర్టరు గారూ, మా ఇంటిని ఎక్కడికి పంపించేశారండి?"

నాకు అర్థం కాలేదు.

"మీ ఫొటోలో గోదారి మా ఇంటికి ఆమడ దూరంలో ఉందండి. మా గుమ్మం ముందు క్రికెట్ ఆడుకోవచ్చు."

జరిగింది ఇది. మా వైపు అర్జీకి పేపరు కటింగు జత చేయడం అలవాటు. కటింగు ఉంటే అర్జీకి బలమని నమ్మకం. ఊరివాళ్ళు నా ఫొటోనే కత్తిరించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, అర్జీకి పిన్ను కొట్టి ఇచ్చారు. రాతికట్టు ముందు ఏ ఊళ్ళకి వేయాలో జాబితా వేస్తున్న అధికారి అది చూసి, "ఇంటికీ నదికీ మధ్య ఇంకా చాలా జాగా ఉంది కదమ్మా" అన్నారు. ఊరి పేరు రెండో జాబితాలోకి వెళ్ళింది. రెండో జాబితా అంటే వరదల తర్వాతే. ఆ అధికారి కనిపించినదాన్నే నమ్మారు. కనిపించేలా చేసింది నేను. వరద ముందే వస్తే ఆ పదకొండు ఇళ్ళలో ఎన్ని ఉంటాయో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

కటింగు తీసుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళాను. కోపంగానే వెళ్ళాను. ఆయన దాన్ని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశారు.

"ఇది లెన్సు తప్పు కాదండి. మీ తప్పూ కాదు. నాది."

"మీదెలా అవుతుంది మాస్టారూ?"

"వైడ్ లెన్సు దగ్గరున్నదాన్ని పెద్దది చేస్తుంది, దూరంగా ఉన్నదాన్ని ఇంకా దూరం తోస్తుంది. ఫంక్షన్ హాళ్ళవాళ్ళు అందుకే కొంటారండి, చిన్న హాలు పెద్దగా కనబడాలని. మీరు గోదారిని ఫంక్షన్ హాలు తీసినట్టు తీశారు." కటింగు నా చేతికిచ్చారు. "ఎక్కడ నిలబడతారని అడిగాను. ఎవరు చూస్తారని అడగలేదు. అదీ అడగాల్సింది."

మర్నాడు బుధవారం. బుధవారం ఆయన కొట్టు మూయడం ఆ సందులోవాళ్ళు అదే మొదటిసారి చూశారు.

ఆయనకి ఈత రాదు. లంకకి నాతో పడవ ఎక్కి, సరిగ్గా మధ్యలో కూర్చుని, ఒళ్ళో రెండు గిన్నెల టిఫిన్ క్యారేజీ పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నారు. లంకలో దిగగానే సత్యవతి గారు ఆ క్యారేజీ చూశారు.

"అయ్యో, భోజనం మేం పెట్టమా అండి? క్యారేజీ కట్టుకొచ్చేరు!"

మాస్టారు మూత తీశారు. మెత్తటి గుడ్డలో చుట్టిన నా లెన్సు. కిందటి రోజు తుడిచిస్తానని ఉంచుకున్నారు. కింద గిన్నెలో బ్రష్షు, గాలి కొట్టే రబ్బరు బంతి.

"ఇది తినేది కాదమ్మా. నీళ్ళ మీద దీనికి ఇంతకంటే మంచి పెట్టె లేదు. మూత గట్టిది."

"చేపల పులుసు ఉందండి. అది మా గిన్నెలోనే తినండి" అన్నారావిడ.

గోడ దగ్గర నుంచి ఒడ్డు దాకా మాస్టారు రెండుసార్లు నడిచారు. తర్వాత అడిగారు. "ఇక్కడ దూరం దేంతో కొలుస్తారమ్మా?"

"వలతాడు బారల్లో అండి. నీళ్ళ లోతు కూడా బారల్లోనే." రెండు చేతులూ బార్లా చాపి చూపించారు. ఈ చేతి వేలికొస నుంచి ఆ చేతి వేలికొస దాకా ఒక బార.

"నలుగురు మనుషుల్ని పిలవండి."

గోడకి వేళ్ళు ఆనించి ఒకరు, ఆయన వేళ్ళకి వేళ్ళు తగిలేలా ఇంకొకరు, అలా ఒడ్డు వైపు వరసగా నిలబడాలన్నారు. టేపు పట్టొచ్చు కదా అన్నాను. "టేపు ఫొటోలో దారప్పోగు. మనిషైతే కనబడతాడండి" అన్నారు.

సత్యవతి గారి భర్త ముందుకొచ్చారు. ఆవిడ ఆపేశారు. "ఆయన్ని పెట్టకండి మాస్టారూ. ఆయన బార మనిషి కంటే పొడుగు. వల బేరాల్లో తాడు కొలిచేది ఆయన చేతే. అమ్మేవాళ్ళు ఏడుస్తారు." అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి పక్కకి తప్పుకున్నారు.

చివర నిలబడేవాళ్ళు ఫొటోలో కాస్త వెడల్పుగా సాగుతారని మాస్టారు ముందే చెప్పారు. "సాగితే సాగుతాను. ఇల్లు నాది, ఒడ్డు వైపు నేనే ఉంటాను" అన్నారు సత్యవతి గారు. అంచుకి ఒక అడుగు లోపలే నిలబడాలని మాస్టారు షరతు పెట్టారు. ఆవిడ భర్త వెనక నుంచి చీర కొంగు పట్టుకుని నిలబడ్డారు.

ఈసారి నా వీపు గోడకి లేదు. మాస్టారు నన్ను ఒడ్డు వెంబడి చూసేలా తిప్పారు. ఎడమ పక్క గోడ, కుడి పక్క నది, నా ఎదురుగా నలుగురూ ఒకే వరసలో. అందరూ కెమెరాకి సమాన దూరంలో ఉన్న వరసలో ఉంటే లెన్సు ఎవరినీ దూరం తోయలేదని చెప్పారు. నా వెనక మూడడుగుల్లో ఒడ్డు విరిగిపడి ఉంది. వెనక్కి జరిగే జాగా ఇక్కడా లేదు. లెన్సు మాత్రం సరిపోయింది.

"కెమెరా పైకి ఎత్తకండి. నీళ్ళ గీత సరిగ్గా మధ్యలో ఉండాలి. ఎత్తితే గోడ నది మీదికి పడిపోతున్నట్టు వస్తుంది."

సత్యవతి గారు వరసలోంచే అన్నారు. "పడనీయండి మాస్టారూ! కొంచెం ఎక్కువే కనబడితే మాకు మంచిదే కదండి."

"వద్దమ్మా. మొన్న తక్కువ చెప్పాం. ఇవాళ ఎక్కువ చెప్పకూడదు. రేపు ఆఫీసువాళ్ళు టేపు పట్టుకుని వస్తారు. ఆ రోజు ఫొటో, టేపు ఒకే మాట చెప్పాలి."

నేను ఫొటో తీశాను. నాలుగో మనిషి, అంటే సత్యవతి గారి, ఎడమచేతి వేళ్ళు గోదావరి మీద ఉన్నాయి.

ఆ ఫొటోతో పాటు పేపర్లో ఒక వివరణ కూడా వేయించాను. ముందు ఫొటోలో దూరం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించిందని, కారణం తీసిన పద్ధతి అని. మా ఎడిటరు ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఊరివాళ్ళు కొత్త కటింగు కత్తిరించి కొత్త అర్జీకి జత చేశారు. పది రోజుల్లో నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ గారు, టేపుతో వచ్చారు. బారల లెక్కకీ టేపు లెక్కకీ తేడా జానెడు కూడా లేదు. ఆయన టేపు చుట్టుకుంటూ, "ఇలాంటి ఫొటో ప్రతి ఊరి నుంచీ వస్తే నాకు సగం తిరుగుడు తప్పుతుందండి" అన్నారు. ఊరి పేరు మొదటి జాబితాలోకి మారింది. వరదలకి ముందే మొదటి వరస ఇళ్ళ ముందు రాయి పడింది. ఆ ఏడాది వరద వచ్చింది, తీసింది. పదకొండు ఇళ్ళూ ఉన్నాయి.

తిరుగుడు తప్పుతుందన్న మాట ఏఈ గారు మామూలుగా అన్నారు. మాస్టారు దాన్ని పనిగా తీసుకున్నారు. ఆదివారం పొద్దున్నపూట కొట్లో లంక ఊళ్ళవాళ్ళకి ఫొటో తీయడం చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ళ చేతుల్లో ఉన్నవి ఫోన్లే. ఫోన్ వైడ్‌లో ఎక్కడ అబద్ధం వస్తుందో, ఎలా నిలబడితే రాదో చూపించేవారు. కొట్టు చాలక సందులోకి వచ్చేసేవారు. ఎదురు షట్టరు ముందు మనుషుల్ని వరసగా నిలబెట్టి బారలు చాపించేవారు. అటుగా వెళ్ళేవాళ్ళు వ్యాయామం క్లాసు అనుకునేవారు. కొందరు వచ్చి చేరేవారు కూడా.

సత్యవతి గారు ఆ ఆదివారాలు తప్పేవారు కాదు. ఫోన్ నుంచి నా కెమెరాకి మారారు. "ఆవిడ చెయ్యి వణకదండి, వల విసిరే చెయ్యి. మీదే వణుకుతుంది" అని మాస్టారు నా మొహం మీదే అనేవారు. లెన్సు అద్దం పట్టుకోవడం ఆవిడకి నేర్పుతూ, "ఆత్రేయపురంలో పూతరేకు కుండ మీంచి తీస్తారే, అలా పట్టుకోవాలమ్మా" అన్నారు. "నేను పూతరేకు తినడమే గానీ తీయడం చూడలేదండి" అన్నారావిడ. మరుసటి ఆదివారం మాస్టారు అరడజను పూతరేకులు తెప్పించి పెట్టారు.

ఆయనలో చిక్కులు లేవని కాదు. బేరమాడేవాళ్ళని బయటికి పంపించేసేవారు. చెప్పిన రోజుకి రిపేరు ఇచ్చింది తక్కువ. ఒక పెళ్ళి ఫొటోగ్రాఫరు ముహూర్తం రోజు పొద్దున్న వచ్చి గుమ్మంలో కూర్చుని ఏడ్వడం నేను చూశాను. ఆయన తొందరపడలేదు. "తొందరగా బిగించిన స్క్రూ పెళ్ళి మధ్యలో ఊడుతుంది" అని, పనయ్యేదాకా తన సొంత లెన్సు ఇచ్చి పంపారు.

లంక సంగతి తర్వాత వైడ్ లెన్సు కోసం ఎవరొచ్చినా ఆయన రెండు ప్రశ్నలూ అడిగేవారు. ఎక్కడ నిలబడతారు, ఎవరు చూస్తారు. రెండోదానికి చాలామంది దగ్గర జవాబు ఉండేది కాదు. "ఆలోచించుకుని రండి, లెన్సు ఎక్కడికీ పోదు" అనేవారు. కొందరు తిరిగి రాలేదు. నేను మాత్రం ఆ ప్రశ్నని వార్తలకి కూడా వాడుకుంటున్నాను. రాసింది పంపే ముందు, దీన్ని చేతిలో పట్టుకుని రేపు ఎవరు ఏ ఆఫీసుకి వెళ్తారో ఒకసారి అనుకుంటాను. దాని వల్ల నా కాపీ ఆలస్యమైన రోజులున్నాయి. తప్పులు తగ్గాయి.

అంత్యక్రియలు మంగళవారం మధ్యాహ్నం జరిగాయి. పెళ్ళి ఫొటోగ్రాఫర్లు చాలామంది వచ్చారు. ఎవరూ కెమెరా తేలేదు. లంక నుంచి రెండు పడవల్లో వచ్చారు. సత్యవతి గారు మాస్టారి భార్య పక్కన కూర్చున్నారు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. సాయంత్రం వెళ్ళేటప్పుడు సత్యవతి గారు నాతో చెప్పారు, ఆదివారం క్లాసు ఆగదని, కొట్టు తాళం అమ్మగారు తీస్తారని, చెప్పేది తానేనని.

"మీరు చెప్పగలరా అండి?" అని అడిగాను.

"చెప్పడానికేముందండి? నేను చేసిన తప్పులన్నీ చెప్తాను. ఆ తర్వాత మీరు చేసిన తప్పు చెప్తాను. గంట గడిచిపోతుంది."

రాతికట్టు ఇప్పటిదాకా పడింది మొదటి వరస ఇళ్ళ ముందు మాత్రమే. దిగువన, అదే ఒడ్డు మీద, రెండో వరస ఉంది. ఇళ్ళు పద్నాలుగు. ఆ భాగానికి ప్రతిపాదన ఆఫీసుకి చేరింది. రేపు, అంటే గురువారం, ఉదయం పది గంటలకు ఏఈ గారు చూడటానికి వస్తున్నారు. నేను ఎనిమిదింటి పడవకి వెళ్తాను. అక్కడ ఒడ్డుకీ గోడలకీ మధ్య ఆరు బారల దూరం ఉందని సత్యవతి గారి అంచనా. ఆ వేళకి ఊళ్ళో మగవాళ్ళు నది మీద, ఆడవాళ్ళు కూరగాయల తోటల్లో ఉంటారు. నిలబడటానికి ఐదుగురే తేలారు.

ఈ సాయంత్రం ఆవిడ ఫోన్ చేసి చెప్పారు. కెమెరా రేపు ఆవిడ పడతారు. ఆరో మనిషిని నేను. ఒడ్డు వైపు చివర, అంచుకి ఒక అడుగు లోపల, రెండు చేతులూ చాపి.